ఎవరికీ అక్కరలేనివారికి ఆప్తబంధువు

బెల్జియం దేశంలో మ్యూజ్ నది ఒడ్డున దినాన్ అనే చిన్న పట్టణం ఉంది. ఒకవైపు ఏటి నీరు, మరొకవైపు నిట్టనిలువు కొండ, ఆ రెండింటి నడుమ ఇరుకుగా పేర్చినట్లుండే ఇళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన తొలి నెలలోనే, 1914 ఆగస్టు 23న, జర్మన్ సేనలు ఆ పట్టణంలో 674 మంది పౌరులను పొట్టనబెట్టుకున్నాయి. ఇళ్ళకు నిప్పు పెట్టాయి. ప్రాణాలు దక్కించుకున్న కుటుంబాలు చేతికందినది తీసుకొని ఫ్రాన్సు వైపు తరలిపోయాయి. అలా వెళ్ళినవారిలో ఒక పురపాలక ఉద్యోగి కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దకొడుకు జార్జ్‌కు అప్పటికి నాలుగున్నరేళ్ళు.

ఆ పిల్లవాడు పరదేశంలో నాలుగేళ్ళు పెరిగాడు. 1918లో యుద్ధం ముగిశాక తల్లిదండ్రులతో తిరిగి వస్తే ఊరు శిథిలాల దిబ్బగా కనిపించింది. నిరాశ్రయత అంటే ఏమిటో గ్రంథాలలో చదివి తెలుసుకోవలసిన అవసరం అతనికి కలుగలేదు. ఆ బాలుడే తరువాతి కాలంలో ఫాదర్ డొమినిక్ పీర్‌గా లోకానికి తెలిశాడు. 1958లో నోబెల్ శాంతి బహుమతి స్వీకరించిన క్రైస్తవ సన్యాసి ఆయన. మన పల్లెల్లో మొహర్రం నాడు ఎత్తే పీర్లకూ ఈ పేరుకూ సంబంధమేమీ లేదు. అది ఆ కుటుంబపు ఇంటిపేరు మాత్రమే.

1910 ఫిబ్రవరి 10న జన్మించిన జార్జ్, పద్దెనిమిదవ ఏట హుయ్ పట్టణ సమీపంలోని లా సార్త్ మఠంలో చేరాడు. అది డొమినికన్ సంప్రదాయానికి చెందిన మఠం. పదమూడవ శతాబ్దంలో నెలకొన్న ఈ సంప్రదాయంలోని సాధువులు ఆదిలో భిక్షపై జీవిస్తూ ధర్మబోధ చేసేవారు. పూర్వాశ్రమ నామం విడిచి హెన్రీ డొమినిక్ అనే దీక్షానామం ధరించి, 1932 సెప్టెంబరులో ఆయన శాశ్వత దీక్ష స్వీకరించారు. ఆపైన రోమ్ నగరంలో వేదాంతశాస్త్రం అభ్యసించారు. 1934లో గురుపట్టం, 1936లో డాక్టరేటు లభించాయి. లువేన్ విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది సామాజిక శాస్త్రాలు చదివి, తిరిగి తమ మఠానికే వచ్చి అక్కడి విద్యార్థులకు నీతిశాస్త్రం, సమాజశాస్త్రం బోధించసాగారు.

అంతటితో ఆగి ఉంటే ఆయన మంచి ఆచార్యునిగా మిగిలి ఉండేవారు. కానీ నీతిశాస్త్రం పాఠం చెప్పేవారికి వీధిలో ఆకలితో ఉన్న బిడ్డ కనిపిస్తే పాఠం మధ్యలో ఆగిపోతుంది కదా! 1938లోనే ఆయన పేద కుటుంబాలు పరస్పరం ఆదుకొనే సంస్థనొకదానిని, పిల్లలకు ఆరుబయట శిబిరాలను ప్రారంభించారు. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలోనూ, ఆ తరువాతా ఈ శిబిరాలు వేలాది బెల్జియన్, ఫ్రెంచి బాలబాలికలకు అన్నసత్రాలయ్యాయి.

నాజీ ఆక్రమణ కాలంలో ఆయన రహస్య ప్రతిఘటన దళానికి మతగురువుగా ఉన్నారు. కూలిపోయిన విమానాల నుంచి బయటపడిన మిత్రరాజ్యాల వైమానికులను సరిహద్దులు దాటించే ఏర్పాట్లలో పాలుపంచుకున్నారు. గూఢచార విభాగానికి సమాచారం కూడా చేరవేశారు. పట్టుబడితే శిక్ష ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. సన్యాసికి ఈ వ్యవహారాలు తగునా అని ఎవరికైనా సందేహం రావచ్చు. ఆపద్ధర్మం తెలిసినవారికి ఆ సందేహం నిలవదు. యుద్ధానంతరం ప్రభుత్వం ఆయనకు పలు పతకాలు ఇచ్చి గౌరవించింది.

ఇక అసలు కథ 1949 ఫిబ్రవరిలో మొదలవుతుంది.

యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్ళు కావస్తోంది. అయినా జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ దేశాలలోని శిబిరాలలో లక్షలాదిమంది నిర్వాసితులు పడి ఉన్నారు. పోలండు, ఉక్రెయిన్, బాల్టిక్ దేశాలు, యుగోస్లావియా వంటి చోట్ల నుంచి వచ్చినవారు వారు. కొందరిని నాజీలు బలవంతంగా వెట్టిచాకిరికి పట్టుకొచ్చారు. కొందరు ముందుకు వస్తున్న సోవియట్ సేనలకు భయపడి పారిపోయి వచ్చారు. వెనక్కు వెళ్దామంటే సొంతదేశం వేరొకరి ఏలుబడిలో ఉంది. వెళితే ప్రాణాపాయం. ఉన్నచోట ఉండిపోదామంటే అది శిబిరం, ఇల్లు కాదు. పాత సైనిక బారకాసులలో దుప్పట్లు వేలాడదీసి, ఆ తెర వెనుకదే తమ ఇల్లనుకొని కుటుంబాలు కాపురం చేసేవి. అక్కడే పిల్లలు పుట్టారు, అక్కడే బడికి వెళ్ళే వయసుకు వచ్చారు.

అంతర్జాతీయ శరణార్థి సంస్థ వీరిని ఇతర దేశాలకు పంపే పని చేపట్టింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాల అధికార బృందాలు శిబిరాలకు వచ్చి మనుషులను ఎంచుకొనేవి. గనులలో పనిచేయగల యువకుడు, పొలం దున్నగల బలవంతుడు, ఇంటిపని చేయగల యువతి ముందుగా ఎంపికయ్యేవారు. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీసేవారు. క్షయవ్యాధి మచ్చ కనిపిస్తే ప్రవేశం లేదు. వయసు మళ్ళితే లేదు. కాలో చెయ్యో పోతే లేదు. ఇంట్లో ఒక్కరికి క్షయ ఉన్నా ఆ కుటుంబం ముందు రెండే దారులు ఉండేవి. ఆ ఒక్కరినీ వదిలి మిగిలినవారు ఓడ ఎక్కడం, లేదా అందరూ కలిసి శిబిరంలోనే మగ్గడం. చాలా కుటుంబాలు రెండవ దారినే ఎంచుకున్నాయి. తల్లిని విడిచి పోలేని కొడుకులు, భర్తను విడిచి పోలేని ఇల్లాళ్ళు ఆ విధంగా వెనుకబడిపోయారు. బంధాన్ని తెంచుకోనందుకు వారికి పడిన శిక్ష అది. ఏడాదులు గడిచేకొద్దీ శిబిరాలలో వృద్ధులు, రోగులు, వికలాంగులు, వారిని వదలలేని ఆత్మీయులు మిగిలారు. కార్యాలయాల లెక్కలలో వీరిని కరడుగట్టిన అడుగు సరుకు అన్న అర్థం వచ్చే మాటతో పేర్కొనేవారు. మనిషిని ఆ మాటతో పిలవవలసి రావడమే ఆ కాలపు దుస్థితిని తెలుపుతుంది.

విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు సుగ్రీవాదులు అతనివల్ల మేలా కీడా అని తర్కించారు. శ్రీరాముడు ఆ లెక్క వేయలేదు. శరణు అన్న మాట ఒక్కటి చాలుననుకున్నాడు. దేశాలను ఏలేవారందరూ రామచంద్రులు కాలేరు, నిజమే. వారికి పన్ను కట్టే ప్రజలున్నారు, ఆసుపత్రుల ఖర్చులున్నాయి. అందువల్ల ఆ అధికారులను నిందించి ప్రయోజనం లేదు. కానీ వారు వదిలిపెట్టినవారి సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా!

ఆ ఫిబ్రవరిలో ఫాదర్ పీర్ ఒక యువజన బృందంతో కలిసి ఎడ్వర్డ్ స్క్వాడ్రిల్ అనే అమెరికన్ ప్రసంగం విన్నారు. ఆయన ఆస్ట్రియాలో శరణార్థి శిబిర నిర్వహణ చూసిన వ్యక్తి. శిబిరాల్లో తాను కన్నది కన్నట్లు చెప్పారు. సభ ముగిశాక చేయగలిగినదేమిటని అడిగినవారికి శిబిరాలలో ఉన్న 47 మంది పేర్లు, చిరునామాలు అందాయి. విన్నవారు వారికి ఉత్తరాలు వ్రాశారు. ప్రపంచప్రసిద్ధమైన ఆ సేవ మొదలైనది ఆ ఉత్తరాలతోనే.

ఫాదర్ పీర్ స్వయంగా ఆస్ట్రియా వెళ్ళి శిబిరాలు చూశారు. అరవై వేల మంది నిర్వాసితుల గురించి ఒక పుస్తకం వెలువరించారు. అదే ఏడాది నిర్వాసితుల సహాయ సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం చేసిన మొదటి పని పోషక కుటుంబాల ఏర్పాటు. దీనికి ఆయన ఎంచుకున్న ఫ్రెంచి పదం చాలా అర్థవంతమైనది. క్రైస్తవులలో శిశువుకు జ్ఞానస్నానం చేయించే వేళ తల్లిదండ్రులతోపాటు నిలిచి బిడ్డ బాధ్యత వహిస్తామని మాట ఇచ్చే జ్ఞానపిత, జ్ఞానమాత ఉంటారు. ఒక్కొక్క శరణార్థి కుటుంబానికి అటువంటివారిగా నిలవమని ఆయన సామాన్య గృహస్థులను కోరారు.

వచ్చినవారు ఎవరు? ఆదివారం చర్చికి వెళ్ళే చిరుద్యోగులు, దుకాణదారులు, ఉపాధ్యాయులు, ఇల్లాళ్ళు. గొప్ప దాతలు కారు. ఒక్కొక్కరికి శిబిరంలోని ఒక్కొక్క కుటుంబం పేరు ఇచ్చేవారు. వీరు వారికి క్రమంగా ఉత్తరం వ్రాయాలి. వీలైనప్పుడు బట్టలో, ఆహారమో, మందులో కట్టి పంపాలి. ముఖ్యమైనది మాత్రం ఉత్తరమే. పొట్లం ఎవరైనా పంపగలరు. ప్రభుత్వం కూడా పంపగలదు. శిబిరంలో ఏళ్ళ తరబడి వరుస సంఖ్యగా మాత్రమే బతికినవాడికి తన పేరుతో, తన బిడ్డల పేర్లతో, పిల్లవాడి జ్వరం తగ్గిందా అని అడుగుతూ ఒక ఉత్తరం వస్తే అది వేరు. తనను తలచుకొనేవారు ఈ భూమిమీద ఒకరున్నారన్న ధైర్యం దానితో వస్తుంది. ఈ పోషక బంధాలు అనేక దేశాలకు వ్యాపించి, కాలక్రమంలో వేల సంఖ్యకు చేరుకున్నాయి.

ధర్మం చేసేవారు ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. సత్రంలో వెయ్యిమందికి అన్నం పెట్టడం ఒక రకమైన పుణ్యకార్యం. ఒకే కుటుంబాన్ని పదేళ్ళు కనిపెట్టి ఉండడం మరొక రకం. మొదటిదానికి ధనం కావాలి. రెండవదానికి ఓర్పు కావాలి, ఎందుకంటే సహాయం పొందేవాడు ఎల్లప్పుడూ సౌమ్యంగా ఉండడు. శిబిరజీవితం మనిషిని అనుమానిగా, కోపిష్టిగా, సోమరిగా కూడా మార్చగలదు. పన్నెండేళ్ళు పని లేకుండా కూర్చోబెట్టి, ఆ తరువాత ఒకనాడు ఉద్యోగం చూపించి, ఎందుకు చురుకుగా లేవని అడిగితే ఏం లాభం? ఫాదర్ పీర్ ఈ విషయాన్ని బాగా ఎరిగినవారు. శరణార్థి దేహానికి కప్పు వేయడంతో పని పూర్తి కాదని, తెగిపోయిన వేళ్ళు మళ్ళీ పాదుకోవాలని ఆయన అభిప్రాయం.

వృద్ధుల సమస్య వేరు. వారు కొత్త భాష నేర్చుకోలేరు, ఉద్యోగం చేయలేరు. కడపటి రోజులు గౌరవంగా గడిచే చోటు దొరికితే చాలు. వారికోసం బెల్జియంలో నాలుగు ఆశ్రయ గృహాలు వెలిశాయి. 1950లో హుయ్‌లో మొదటిది, తరువాత ఎస్నో, ఆర్ట్‌సెలార్, బ్రెన్-లె-కోంత్ అనే ఊళ్ళలో మిగిలినవి 1954 నాటికి ఏర్పడ్డాయి.

కుటుంబాలకోసం ఆయన చేసిన ప్రయోగం ఐరోపా గ్రామాలు. ప్రత్యేకంగా చెప్పుకోవలసినది ఇదే. శిబిరాలలో మిగిలినవారిని ఏ దేశమూ తీసుకోదని తేలిపోయాక, వారు ఉన్న దేశంలోనే వారికి ఊరు కట్టాలని ఆయన సంకల్పించారు. జర్మనీలోని ఆఖెన్‌లో 1956లో మొదటి గ్రామం, అదే ఏడాది ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌లో రెండవది, 1957లో ఔగ్స్‌బుర్గ్‌లో మూడవది, 1958లో బ్రస్సెల్స్ పక్కన ఒకటి, జర్మనీ సార్ ప్రాంతంలోని స్పీజెన్‌లో ఒకటి. ఆ తరువాత వుప్పర్టాల్‌లో కట్టిన గ్రామానికి 1959లో శంకుస్థాపన జరిగింది. దానికి నాజీల చెరలో ప్రాణాలు విడిచిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ పేరు పెట్టారు. 1962లో ఆయిస్కిర్షెన్‌లో మరొకటి వచ్చింది.

గ్రామమంటే మన ఊళ్ళవంటి పెద్ద ఊరు అనుకోరాదు. ఒక్కొక్కటి ఇరవై ఇళ్ళకు అటూ ఇటూగా ఉండే చిన్న వాడ. నూట యాభై మంది నివాసులు. ఇంత చిన్నదిగా ఉంచడం డబ్బు లేక కాదు, బుద్ధిపూర్వకంగా చేసిన పని. వేయి ఇళ్ళు ఒక్కచోట కడితే అది మరొక శిబిరం అవుతుంది. ఊరివారు దానిని వేరుగా చూస్తారు, లోపలివారు బయటికి రారు. అందుకని నగరం అంచును ఆనుకొని, నగరపు వీధి కొనసాగి వచ్చినట్లుగా ఆ ఇళ్ళు ఉండేవి. పెద్దలు నగరంలోనే పనికి వెళ్ళాలి. పిల్లలు అక్కడి పిల్లలతో కలిసి అదే బడిలో చదవాలి. అంగడి, ఆసుపత్రి, ప్రార్థనా మందిరం అన్నీ ఊరివారితో ఉమ్మడిగానే. మన తెలుగులో పెళ్ళి అయినవాణ్ణి ఒక ఇంటివాడయ్యాడంటాము. తలుపు, తాళం, పొయ్యి, పొరుగు ఉంటేనే మనిషి సంఘంలో లెక్కకు వస్తాడని పెద్దలు ఎరిగే ఆ మాట కల్పించి ఉంటారు. ఆ శరణార్థులను అటువంటి ఇంటివారిని చేయడమే ఫాదర్ పీర్ ఉద్దేశం.

చదువరులలో కొందరికి ఈపాటికే ఒక ప్రశ్న కలిగి ఉంటుంది. క్రైస్తవ గురువు చేసిన సేవ కదా, దాని వెనుక మతం మార్చే ఉద్దేశం లేదా అని. అడగదగిన ప్రశ్నే. సేవను ఎరగా వేసే పద్ధతిని మనం ఎన్నడూ ఆమోదించలేదు, ఆమోదించనక్కరలేదు. ఫాదర్ పీర్ కూడా ఆమోదించలేదు. శిబిరవాసులలో క్యాథలిక్కులు మాత్రమే కాక ఆర్థడాక్స్ క్రైస్తవులు, ప్రొటెస్టెంట్లు, ఇతరులూ ఉన్నారు. జాతి, భాష, మతం అడగకుండా సాయం చేయాలన్నది ఆ సంఘం నియమం. ఆయన తోడి పనివారిలో ఇతర శాఖలవారు, ఏ మతమూ పాటించనివారు కూడా ఉండేవారు. తాను స్వయంగా సన్యాసి అయి, తెల్లని మఠవస్త్రాలు ధరించి, తన నిత్యానుష్ఠానం విడవకుండానే ఆయన ఈ నియమాన్ని నిలబెట్టారు. తన విశ్వాసం దృఢంగా ఉన్నవానికి ఎదుటివాని విశ్వాసాన్ని కదిలించవలసిన పని ఉండదని నా నమ్మకం. ఈయన జీవితం దానికి ఒక నిదర్శనంగా నాకు తోస్తుంది.

మరొక ఆక్షేపణ కూడా ఉంది. లక్షలమంది శరణార్థులుండగా ఒక్కో ఊళ్ళో నూట యాభై మందికి ఇళ్ళు కడితే సముద్రంలో కాకిరెట్ట వంటిదే కదా అని. లెక్క ప్రకారం అది సత్యమే. సమస్యను పరిష్కరించినవి చివరకు ప్రభుత్వాలు, ఐక్యరాజ్యసమితి, జర్మనీలో పెరిగిన పరిశ్రమలూను. అయితే 1959–60లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ శరణార్థి సంవత్సరం పాటించి, శిబిరాలలో మిగిలిపోయినవారిని బయటికి తేవాలని దేశదేశాలనూ కోరింది. ఆ మిగిలిపోయినవారు కూడా మనుషులేనని పదేళ్ళుగా ఇంటింటికీ చెబుతూ వచ్చిన కొద్దిమందిలో ఈ సన్యాసి ఒకరు. దారి వేసిన తరువాత బండ్లు నడవడం సులభం.

1958 డిసెంబరు 10న ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి అందుకునేనాటికి ఆయనకు 48 ఏళ్ళు. అంతవరకు ఐరోపా బయట ఆయన పేరు విన్నవారు తక్కువ. బహుమతి వల్ల వచ్చిన పేరును ఆయన విశ్రాంతికి వాడుకోలేదు. 1960లో హుయ్ దగ్గర ఒక అంతర్జాతీయ శాంతి కేంద్రాన్ని స్థాపించి దానికి మహాత్మా గాంధీ పేరు పెట్టారు. తరువాత అది శాంతి విశ్వవిద్యాలయంగా ప్రసిద్ధమైంది. భిన్న దేశాల, భిన్న మతాల యువతీయువకులు అక్కడికి వచ్చి కొద్దికాలం కలిసి ఉండి, సంభాషణ అనే విద్యను అభ్యసించేవారు. సంభాషణకు ఆయన చెప్పిన అర్థం వాదించి గెలవడం కాదు. తన మాటను కాసేపు పక్కన ఉంచి, ఎదుటివాడు ఎందుకు అలా అనుకుంటున్నాడో అతని చోట నిలిచి చూడడం. మన శాస్త్రకారులు ఖండించబోయే ముందు పూర్వపక్షాన్ని దాని బలం తగ్గకుండా చెప్పవలెనని నియమం పెట్టుకున్నారు. ఆ నియమం తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

ఆపైన ఆయన దృష్టి ఆసియా వైపు మళ్ళింది. ఇల్లు వదిలి వచ్చినవానికి ఇల్లు కట్టడం ఒక ఎత్తు, ఆకలివల్ల ఇల్లు వదలవలసిన గతి రాకుండా చూడడం మరొక ఎత్తు. 1962లో నాటి తూర్పు పాకిస్తాన్‌లో, నేటి బంగ్లాదేశ్‌లో, చిట్టగాంగ్ ప్రాంతపు గొహిరా గ్రామంలో శాంతిద్వీపం అనే పథకం ప్రారంభమైంది. వ్యవసాయం, వైద్యం, విద్య ఈ మూడింటిలో గ్రామస్థులతో కలిసి పనిచేయడం, కొన్నేళ్ళ తరువాత అంతా వారికే అప్పగించి బయటి సహాయకులు వెళ్ళిపోవడం దాని పద్ధతి. అక్కడివారు ముస్లిములు అధికంగా గల ప్రజలు. అక్కడ కూడా మతప్రసక్తి తేలేదు.

రెండవ శాంతిద్వీపం మన దేశానికే వచ్చింది. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలో, పడమటి కనుమల పాదంలో కళక్కాడు అనే ఊరు ఉంది. సత్యవాగీశ్వరస్వామి ఆలయం అక్కడిది. దక్షిణ యాత్రలు చేసిన మన భక్తులలో కొందరు ఆ స్వామిని దర్శించి ఉండవచ్చు. 1967లో ఆ ప్రాంత గ్రామాలను ఈ పథకానికి ఎన్నుకున్నారు. కొండ దిగువన నివసించే రైతు కుటుంబాల మధ్యకు బెల్జియం సామాన్యుల చందాలు అలా చేరాయి.

ఆ పని ఆరంభ దశలో ఉండగానే ఫాదర్ పీర్ ఆరోగ్యం దెబ్బతిన్నది. లువేన్‌లోని ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. దాని తరువాత వచ్చిన ఉపద్రవాల నుంచి ఆయన కోలుకోలేదు. 1969 జనవరి 30న దేహం చాలించారు. యాభై తొమ్మిదో ఏడు నిండడానికి పదకొండు రోజులు తక్కువ. తన శాంతి కేంద్రానికి ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ మహాత్ముడు ఢిల్లీలో నేలకొరిగినది కూడా 1948లో అదే తేదీన. కళక్కాడు గ్రామాల పని ఆయన తరువాత కూడా సాగింది. హుయ్‌లో ఆయన నాటిన సంస్థలను ఆయనతో కలిసి పనిచేసినవారు నిలబెట్టారు.